లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన పెద్ద కారు: కొనవచ్చా, కొనకూడదా?

కొత్తలో అందరికీ అందని ధర పలికి, పది పన్నెండేళ్లు తిరిగేసరికి అందులో చాలా తక్కువ ధరకే దొరికే వాహనాల వర్గం ఒకటుంది. బీఎండబ్ల్యూ ఎం5, మెర్సిడెస్ ఏఎంజీ, ఆడి ఆర్‌ఎస్, పోర్ష 911 వంటివి ఆ వర్గంలోవి. లోపల తోలు సీట్లు, బానెట్ కింద 400, 500 హార్స్‌పవర్ ఇంజన్ ఉండే ఈ కార్ల అమ్మకపు ప్రకటనల్లో ఫొటోలు బాగుంటాయి, ధర ఇంకా బాగుంటుంది, కిలోమీటర్ల అంకె మాత్రం ఎక్కడో చివర నక్కి ఉంటుంది. ఆ అంకె లక్షన్నర దాటిందనగానే చదివేవాళ్లు రెండుగా చీలిపోతారు. కొందరు ‘పనైపోయిన బండి’ అని తప్పుకుంటారు. మరికొందరు ‘ఇంత కారు ఇంత చవకగానా’ అని అడ్వాన్సు ఇవ్వడానికి పరుగెత్తుతారు. ఈ రెండు వర్గాలూ చూస్తున్నవి అసలు సంగతి చెప్పని అంకెలని నా అభిప్రాయం. ఇలాంటి కారు మంచిచెడులను తేల్చేది, ఇప్పటివరకు దాని మీద ఎవరు ఎంత ఖర్చు పెట్టారు, ఇంకా పెట్టవలసినది ఎంత మిగిలింది అన్న లెక్క. ఆ లెక్క కాగితాల మీద తేలిన కారు రెండు లక్షల కిలోమీటర్లు తిరిగినా కొనవచ్చు. తేలని కారు అరవై వేలే తిరిగినా దాని జోలికి పోకపోవడం మంచిది.

ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అన్న సామెత ఈ కార్ల విడిభాగాలకు అతికినట్టు సరిపోతుంది. కారు ధర ఐదో వంతుకు పడిపోయింది కదా అని దాని బ్రేకు డిస్కు ధర ఐదో వంతుకు పడదు. పైగా తయారీదారు ఏటా ధరల పట్టికను సవరిస్తూ పోతాడు కాబట్టి, కారు పాతబడిన కొద్దీ భాగం ఖరీదవుతుంది. మెకానిక్ గంటకు తీసుకునే కూలి కూడా కారు వయసును బట్టి తగ్గదు. ఇంజన్ దించితే గాని చేయి పెట్టలేని చోట భాగం ఉంటే, అది కొత్త కారులోనైనా పాత కారులోనైనా అన్ని గంటల పనే. అందుచేత కారు వెల ఎంత తగ్గినా, నడిపేవాడి ఖర్చు మాత్రం అది షోరూము నుంచి బయటికి వచ్చిన నాటి తాహతులోనే ఉంటుంది. వెల అంతగా పడిపోవడానికి కారణం కూడా ఇదే. రాబోయే మరమ్మతులు ఎంతవుతాయో మార్కెట్‌కు తెలుసు. ఆ మొత్తాన్ని ముందే ధరలోంచి తీసేసి మనకు చూపిస్తుంది. మనం దాన్ని చవక అనుకుంటాం.

ఈ కార్ల జీవితంలో ప్రమాదకరమైన దశ ఒకటుంది. మొదటి యజమాని వారంటీ ఉన్నంతకాలం కంపెనీ వర్క్‌షాపులోనే చేయించి, వారంటీ అయిపోయే వేళకు అమ్మేస్తాడు. రెండో యజమాని సాధారణంగా ఇష్టపడి కొన్నవాడే ఉంటాడు, బాగానే చూసుకుంటాడు. చిక్కంతా మూడో చేతిలోనో నాలుగో చేతిలోనో మొదలవుతుంది. ఉన్న డబ్బంతా పెట్టి కొన్న మనిషికి ఆయిల్ మార్పించడానికి కూడా చేయి రాదు. వెలిగిన హెచ్చరిక దీపాన్ని చెరిపించుకుంటాడు, నాలుగు టైర్లు అరిగితే రెండు మారుస్తాడు, ఆ రెండూ దొరికినవాటిలోకెల్లా చవకవి. కాబట్టి నేను కిలోమీటర్ల కన్నా ముందు అడిగే ప్రశ్న, ఇప్పుడు అమ్ముతున్న వ్యక్తి ఈ కారును ఎన్నాళ్లు ఉంచుకున్నాడు అన్నది. ఐదారేళ్లు ఉంచుకున్నవాడికి దాని సుఖమూ ఖర్చూ రెండూ తెలుసు. ఆరు నెలలకే వదిలించుకుంటున్నవాడికి ఏదో పెద్ద మరమ్మతు అంచనా చీటీ అంది ఉంటుందని అనుమానించడం తప్పు కాదు.

ఇక కిలోమీటర్ల సంగతి. ఇంజన్‌కు కిలోమీటర్లు తెలియవు. ఎన్ని గంటలు తిరిగింది, ఎన్నిసార్లు చల్లగా స్టార్ట్ అయింది, ఎంత తరచుగా కొత్త ఆయిల్ తాగింది అన్నవే దానికి లెక్క. జాతీయ రహదారుల మీద సగటున గంటకు 80 కిలోమీటర్ల వేగంతో 1,60,000 కిలోమీటర్లు తిరిగిన ఇంజన్ పనిచేసింది 2,000 గంటలు. నగరపు రద్దీలో సగటున 25 కిలోమీటర్ల వేగంతో 80,000 తిరిగిన ఇంజన్ పనిచేసింది 3,200 గంటలు. సగం తిరిగిన కారు ఒకటిన్నర రెట్లకు మించి అరిగిందన్నమాట. పైగా రద్దీలో తిరిగిన కారు గేర్‌బాక్స్ వేలసార్లు ఎక్కువగా మారి ఉంటుంది, బ్రేకులు అంతగానూ తొక్కి ఉంటారు, రేడియేటర్ ఫ్యాను ఆగకుండా తిరిగి ఉంటుంది. చిన్న చిన్న ప్రయాణాలకే వాడిన ఇంజన్‌లో ఆయిల్ పూర్తిగా వేడెక్కదు, అందులో చేరిన తేమా పెట్రోలూ ఆవిరి కావు, బేరింగులకు అందేది పలచబడిన ఆయిల్. కొన్ని కార్ల కంప్యూటర్లలో ఇంజన్ నడిచిన గంటలు నమోదై ఉంటాయి. మంచి స్కానర్‌తో ఆ అంకెను చదివి, కిలోమీటర్లను దానితో భాగిస్తే కారు ఎక్కడ బతికిందో ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది.

తక్కువ తిరిగిన కారే మేలనే వాదన నాకు ఎన్నడూ రుచించకపోవడానికి మరో కారణం రబ్బరు. సస్పెన్షన్ బుష్‌లు, కూలెంట్ గొట్టాలు, వాల్వు కవర్ గాస్కెట్లు, ఎయిర్ సస్పెన్షన్ బెల్లోలు (కారును మోసే గాలి సంచులు), తలుపుల సీళ్లు, వీటన్నిటికీ కాలమే శత్రువు. పన్నెండేళ్లు షెడ్డులో కప్పి ఉంచినా అవి గట్టిపడి పగులుతాయి. రోజూ తిరిగిన కారులో అవి ఒక్కొక్కటిగా పాడై, ఒక్కొక్కటిగా మారి ఉంటాయి. తిరగని కారులో అన్నీ వాటి మొదటి రోజునాటివే, అన్నీ ఒకే వయసువి. కొత్త యజమాని మోజుగా వాడడం మొదలుపెట్టిన మొదటి ఏడాదే వరుసకట్టి బయటపడతాయి.

అయితే ఎక్కువ తిరిగినదల్లా మంచిదని నేను అనడం లేదు. ప్రతి మోడల్‌కూ పుట్టుకతో వచ్చిన బలహీనత ఒకటో రెండో ఉంటుంది. అది దాటిన కారా, దాని అంచున నిలబడిన కారా అన్నదే అసలు ప్రశ్న. ఈ విషయం మీద కాస్త వివరంగా రాయక తప్పదు, ఎందుకంటే సాధారణ సలహాలన్నీ ఇక్కడే చేతులెత్తేస్తాయి.

2005 నుంచి 2010 దాకా తయారైన బీఎండబ్ల్యూ ఎం5ను తీసుకోండి. ఇ60 అని పిలిచే ఆ తరంలో 5 లీటర్ల వి10, అంటే పది సిలిండర్ల, ఇంజన్ ఉంది. దాని శక్తి 500 హార్స్‌పవర్ పైమాటే, నిమిషానికి 8,250 చుట్ల దాకా తిరుగుతుంది. కుటుంబం ఎక్కే నాలుగు తలుపుల కారులో అలాంటి ఇంజన్ పెట్టాలన్న ఆలోచనే ఒక వింత, ఆ వింతకే ఇప్పటికీ అంత మోజు. కానీ అదే ఇంజన్‌లో పిస్టన్ కడ్డీలను క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపేచోట ఉండే కనెక్టింగ్ రాడ్ బేరింగులు త్వరగా అరుగుతాయన్నది లోకవిదితం. అరిగిన బేరింగు చప్పుడు చేసేదాకా ఆగితే అప్పటికే క్రాంక్‌షాఫ్ట్ దెబ్బతిని ఉంటుంది, ఇంజన్ మొత్తం పోయినట్టే. ముందే మారిస్తే ఇంజన్ దించనక్కరలేదు. ముందరి సబ్‌ఫ్రేమ్ దించి, ఆయిల్ పాన్ విప్పి కింద నుంచి చేయవచ్చు. దానికితోడు ఇంజన్‌లోకి వెళ్లే గాలిని నియంత్రించే థ్రాటిల్ యాక్చుయేటర్లు, క్లచ్ పెడల్ లేని ఎస్‌ఎంజీ గేర్‌బాక్స్‌ను నడిపే హైడ్రాలిక్ పంపు కూడా పాడవుతాయి. ఈ మూడూ మారిన 1,70,000 కిలోమీటర్ల కారుకూ, ఏదీ మారని 90,000 కిలోమీటర్ల కారుకూ మధ్య నేనైతే క్షణం కూడా తటపటాయించను. ఆ ఇంజన్ నుంచే పుట్టిన 4 లీటర్ల వి8 ఉన్న ఎం3కి కూడా ఇదే మాట వర్తిస్తుంది.

పోర్ష 911లో 996 తరం, 997 తరంలో 2008 దాకా వచ్చిన మామూలు మోడళ్లు, వాటి తోబుట్టువైన బాక్‌స్టర్, వీటి ఇంజన్లలో క్యామ్‌షాఫ్టుల చెయిన్లను తిప్పే ఇంటర్మీడియట్ షాఫ్ట్ చివర ఒక బేరింగు ఉంటుంది. అది విరిగితే టైమింగ్, అంటే వాల్వులు తెరుచుకునే వేళ, తప్పి వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. 2009 మోడల్ నుంచి వచ్చిన కొత్త ఇంజన్‌లో ఆ షాఫ్టే లేదు. టర్బో, జీటీ3 మోడళ్లకు అప్పటికీ వేరే ఇంజన్ ఉండేది కాబట్టి వాటికీ ఈ బాధ లేదు. పాతవాటిలో 2005 దాకా వచ్చిన చాలా కార్లలో క్లచ్ మార్చడానికి గేర్‌బాక్స్ దించినప్పుడు ఆ బేరింగును కూడా మార్పించడం తెలిసినవాళ్ల పద్ధతి, కాబట్టి క్లచ్ బిల్లులో ఆ బేరింగు పేరు ఉందా లేదా చూడాలి. క్లచ్ మార్చి బేరింగును వదిలేసిన యజమాని అంత ఖర్చు పెట్టి అసలు పని చేయలేదన్నమాట. తరచుగా నడిపి, తరచుగా ఆయిల్ మార్చిన కార్లలో ఈ బేరింగు ఎక్కువకాలం నిలుస్తుందని ఈ ఇంజన్లు విప్పే పనివాళ్లు చెబుతారు. నా వాదనకు ఇది అనుకూలమైన సాక్ష్యమే గాని, ఆ ఇంజన్లలో కొన్నిటికి సిలిండర్ గోడల మీద గీతలు పడే జబ్బు వేరే ఉందనీ, దానికి బోర్‌స్కోప్ కెమెరాతో లోపల చూడడం తప్ప మార్గం లేదనీ కూడా చెప్పాలి.

ఆడి ఎస్4లో 2003 నుంచి 2008 దాకా వచ్చిన 4.2 లీటర్ల వి8 ఇంజన్ టైమింగ్ చెయిన్లు వెనకవైపు, గేర్‌బాక్స్ పక్కన ఉంటాయి. ప్లాస్టిక్ గైడ్లు విరిగి చెయిను చప్పుడు మొదలైతే ఇంజన్ దించాల్సిందే, ఆ పని ఖర్చు చాలాసార్లు కారు వెలతో పోటీపడుతుంది. 2006లో వచ్చిన ఏఎంజీ 6.2 లీటర్ల ఇంజన్ ఉన్న కార్ల మీద 63 అని ఉంటుంది, పాత 6.3 లీటర్ల ఇంజన్ మీద గౌరవంతో. లెక్క ప్రకారం అది 62 కావాలి. తొలినాళ్ల ఆ ఇంజన్లలో సిలిండర్ హెడ్ బోల్టులు విరగడం, క్యామ్‌షాఫ్టులు అరగడం రెండూ ఉన్నాయి. 2008లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎన్63 వి8లో టర్బోలను రెండు సిలిండర్ వరుసల నడుమ ఇరికించారు. ఆ వేడికి చుట్టూ ఉన్న సీళ్లూ గొట్టాలూ మాడిపోతాయి, ఇంజన్ ఆయిల్ తాగుతుంది. కంపెనీయే తర్వాత టైమింగ్ చెయిన్లను పరీక్షించి మార్చే ప్రత్యేక కార్యక్రమం పెట్టి, ఆయిల్ మార్పు గడువును కుదించింది. నిజం చెప్పాలంటే, ఎంత మంచి కాగితాలున్నా నేను తొలి ఎన్63ని కొనను.

కాగితాలు అన్నాను కదా, మంచి కాగితాలు ఎలా ఉంటాయో ఒక ఉదాహరణ చెబుతాను. ఒకాయన అమ్మకానికి పెట్టిన వి10 కారును చూడబోతే, ఆయన తాళం చేతికివ్వకముందే లావుపాటి ఫైలు చేతికిచ్చాడు. బిల్లులు తేదీల వారీగా ఉన్నాయి, ప్రతిదాని మీదా కిలోమీటర్లు రాసి ఉన్నాయి. ఆయిల్ మార్పు 8,000కీ 10,000కీ మధ్య ఎప్పుడూ తప్పలేదు, ప్రతిసారీ ఆ ఇంజన్‌కు కంపెనీ చెప్పిన 10డబ్ల్యూ-60 చిక్కదనపు రకమే. రాడ్ బేరింగులు మార్చిన బిల్లులో కొత్త బోల్టులు విడిగా రాసి ఉన్నాయి, ఎందుకంటే ఆ బోల్టులు ఒకసారి బిగిస్తే సాగుతాయి, మళ్లీ వాడకూడదు. ఫైలు చివర ఒక జిప్ కవరులో విప్పిన పాత బేరింగు చిప్పలు కూడా ఉన్నాయి. బూడిదరంగు పైపూత మధ్యలో అరిగి రాగి రంగు బయటపడింది, ఒక్కొక్క చిప్ప వెనక సిలిండర్ నంబరు మార్కర్‌తో రాసి ఉంది. అప్పటికి ఆ కారు ఎంత తిరిగిందో మీటరు మీద చూడడం నేను చివరికి పెట్టుకున్నాను.

దీనికి పూర్తిగా భిన్నమైన ఫైలు కూడా తరచుగా కనిపిస్తుంది. అందులో సర్వీసు పుస్తకం మీద ముద్రలు మాత్రం ఉంటాయి, బిల్లులు ఉండవు. ముద్ర వేయించడం తేలిక. లేదా బిల్లులన్నీ పాలిష్, సీటు కవర్లు, కొత్త స్పీకర్లు, రిమ్ముల రంగు వంటివాటివై ఉంటాయి. కంటికి కనిపించేవాటి మీద ఖర్చు పెట్టి కనిపించనివాటిని వదిలేసిన యజమాని దగ్గర కొనడం కన్నా, సీటు చిరిగిపోయినా కూలింగ్ వ్యవస్థ మొత్తం మార్పించిన యజమాని దగ్గర కొనడం నాకు ఇష్టం. ‘లైఫ్‌టైమ్ ఆయిల్ సార్, గేర్‌బాక్స్‌కు ముట్టుకోనక్కరలేదు’ అనే మాట వినిపిస్తే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. చాలా యూరోపియన్ కార్లలో ఉండే ఆరు గేర్ల ఆటోమేటిక్‌ను తయారుచేసే జడ్‌ఎఫ్ కంపెనీయే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య ఆయిల్ మార్చమని చెబుతుంది. లైఫ్‌టైమ్ అన్నది కారు అమ్మిన కంపెనీ మాట. ఎవరి లైఫ్ అన్నది వాళ్లు చెప్పరు.

కారును చూడడానికి వెళ్లేటప్పుడు నేను పెట్టే షరతు ఒక్కటే: ఇంజన్ చల్లగా ఉండాలి. వెళ్లగానే బానెట్ మీద అరచేయి పెట్టి చూస్తాను. వెచ్చగా తగిలితే మాటలు కలిపి, టీ తాగి, మరో రోజు ఉదయం వస్తానని చెబుతాను. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన మొదటి మూడు సెకన్లలో చెయిను గలగల, లిఫ్టర్ల టకటక, సైలెన్సర్ నుంచి నీలి పొగ ఏమున్నా బయటపడతాయి. వేడెక్కాక ఇవన్నీ సద్దుమణుగుతాయి. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న కారు రాత్రంతా నిలబడి ఉంటే ఇంకా మంచిది. ఒక మూల కిందికి కుంగి కనిపిస్తే ఆ బెల్లో కారుతున్నట్టు. దాన్ని నిర్లక్ష్యం చేస్తే, కారే గాలిని నింపలేక కంప్రెసర్ కూడా కాలిపోతుంది, ఒక ఖర్చు రెండవుతుంది. కొన్ని బీఎండబ్ల్యూ ఎం కార్లలో ఇంజన్ చుట్లు చూపే టాకోమీటర్ అంచున పసుపు దీపాలు ఉంటాయి, ఆయిల్ వేడెక్కే కొద్దీ ఒక్కొక్కటే ఆరుతూ ఇంజన్‌ను ఎంతవరకు తిప్పవచ్చో చూపిస్తాయి. టెస్ట్ డ్రైవ్‌లో అమ్మేవాణ్నే ముందు నడపమంటాను. ఆ దీపాలు ఆరకముందే మన ముందు గొప్పకోసం యాక్సిలరేటర్ నేలకు తొక్కాడంటే ఇన్నేళ్లూ ఆ కారు ఎలా బతికిందో చెప్పనక్కరలేదు.

టైర్లు వంగి చూడాలి. పక్కగోడ మీద డాట్ (DOT) అక్షరాల తర్వాత చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. నాలుగూ ఒకే మంచి రకానివైతే యజమానికి ఓపిక ఉందని అర్థం. కార్బన్ సెరామిక్ బ్రేకులున్న కారైతే ఇంకా జాగ్రత్త పడాలి. ఆ డిస్కులు మందంలో పెద్దగా తగ్గకుండానే లోపల కాలిపోయి బరువు తగ్గుతాయి, కాబట్టి వాటి అరుగుదలను విప్పి తూచి తేల్చుకోవడం ఒక పద్ధతి. కనీస బరువు డిస్కు మధ్యభాగం మీదే ముద్రించి ఉంటుంది. నాలుగు డిస్కులు మార్చవలసి వస్తే ఆ ఖర్చు ఎంతో అడిగి తెలుసుకున్నవాళ్లు చాలామంది ఇంటికి వెళ్లిపోతారు.

తర్వాత స్కానర్. చౌకరకం పరికరం ఇంజన్ లోపాలను మాత్రమే చదువుతుంది. ఆ కంపెనీ కార్లకే ఉద్దేశించినది గేర్‌బాక్స్, బ్రేకు, సస్పెన్షన్ కంప్యూటర్లను కూడా చదువుతుంది. నిన్న రాత్రే లోపాలు చెరిపేసి ఉంటే, కారు తనను తాను పరీక్షించుకునే రెడీనెస్ మానిటర్లు ‘పూర్తికాలేదు’ అని చూపిస్తాయి. లోపాల జాబితా ఖాళీగా ఉండి, మానిటర్లు కూడా అసంపూర్తిగా ఉంటే అది శుభ్రమైన కారు కాదు, తుడిచిన కారు. మీటరు వెనక్కి తిప్పినవాడు డాష్‌బోర్డులోని అంకె మార్చి ఊరుకుంటాడు గాని, ఎప్పుడో నమోదైన లోపం పక్కన అప్పటి కిలోమీటర్లు మరో కంప్యూటర్‌లో అలాగే ఉండిపోతాయి. మీటరు 1,10,000 చూపిస్తూ గేర్‌బాక్స్ జ్ఞాపకంలో 1,90,000 దగ్గర లోపం కనిపిస్తే ఇక బేరం ఆడనక్కరలేదు. ఇవన్నీ చూశాక కూడా, ఆ మోడల్ మీదే పనిచేసిన స్వతంత్ర మెకానిక్ చేత సిలిండర్లు ఒత్తిడిని నిలుపుతున్నాయో లేదో చూసే కంప్రెషన్ టెస్టు, లీక్‌డౌన్ టెస్టు చేయించాలి. అమ్మేవాడు ఒప్పుకోకపోతే ఆ నిరాకరణే మనకు జవాబు.

ఈ దశలో తప్పక వినిపించే ఎదురువాదం ఒకటుంది: ఇంత తంటా ఎందుకు, లెక్సస్ కొనుక్కోవచ్చు కదా అని. నిజమే. 1996 నాటి ఒక లెక్సస్ ఎల్‌ఎస్ 400 పది లక్షల మైళ్లు తిరిగి వార్తలకెక్కింది. వేగం కావాలంటే అదే కంపెనీ ఐఎస్ ఎఫ్‌లో 5 లీటర్ల వి8 ఉంది, నేను పైన చెప్పినవాటిలా ఇంజన్ దించేంత జబ్బులేవీ దానికి పేరుపడలేదు. తర్కం మీదే కొనేవాళ్లకు ఆ వాదానికి ఎదురులేదు. కానీ ఇలాంటి కారు కొనాలనుకునేవాడు తర్కంతో మొదలుపెట్టడు. నిమిషానికి ఎనిమిది వేల చుట్ల దగ్గర వి10 చేసే శబ్దం మరే కారులోనూ దొరకదని అతనికి తెలుసు. ఆ కోరిక తప్పని నేను అనను. ఆ కోరికకు అయ్యే ఖర్చును ముందే ఒప్పుకుని దిగాలని మాత్రం అంటాను.

ఆ ఖర్చు విషయంలో నేను పాటించే కొలత ఇది: చేతిలో ఉన్న మొత్తంలో మూడో వంతును పక్కన పెట్టి, మిగిలిన రెండు వంతులతోనే కారు వెతుక్కోవాలి. ఆ మూడో వంతు ఖర్చు కాకపోతే సంతోషమే, కానీ ఖర్చవుతుందనే లెక్కలో ఉంచాలి. ఉన్నదంతా కారు వెలకే సరిపోయేట్టయితే ఒక తరగతి కిందికి దిగి, అంతే డబ్బుకు మంచి స్థితిలో ఉన్న చిన్న ఇంజన్ మోడల్ కొనుక్కోవడం మేలు. అప్పు చేసి కొనడం గురించి చెప్పేదేమీ లేదు, వాయిదాలు కడుతున్న వాడికి వాటర్ పంపు పాడైన రోజున రెండు అప్పులవుతాయి. ఇంట్లో రోజూ తిరగడానికి మరో మామూలు వాహనం ఉండాలన్నది కూడా విలాసం కింద లెక్కించకూడదు. భాగం కోసం మూడు వారాలు ఎదురుచూడాల్సి వచ్చినప్పుడు, వేరే కారు లేనివాడు తొందరపడి దొరికిన నాసిరకం భాగం వేయిస్తాడు, ఆ భాగం మళ్లీ ఆర్నెల్లకు పోతుంది. మార్పులు చేసిన కార్ల మాట ఒక్క వాక్యంలో చెప్పేస్తాను: ఇంజన్ ట్యూనింగ్ మార్చి శక్తి పెంచిన ఎక్కువ కిలోమీటర్ల కారును, అది చేసినవాడు ఎంత పేరున్నవాడైనా, నేను కొనను.

కారు ఇంటికి వచ్చాక మొదటి నెలలో చేయవలసిన పనులు అమ్మినవాడి మాటల మీద ఆధారపడకూడదు. ఇంజన్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ ఆయిళ్లు, బ్రేకు ఫ్లూయిడ్, కూలెంట్ అన్నీ మార్చి, ఆ తేదీని సున్నా అనుకుని కొత్త పుస్తకం మొదలుపెట్టాలి. కూలెంట్ మార్చేటప్పుడే థర్మోస్టాట్, వాటర్ పంపు వయసు కనుక్కోవాలి. ప్లాస్టిక్ భాగాలు పెళుసెక్కి ఉంటే వాటినీ మార్చేయడమే, ఎందుకంటే అల్యూమినియం ఇంజన్ ఒక్కసారి అతిగా వేడెక్కితే హెడ్ వంగిపోతుంది. నేరుగా సిలిండర్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజన్ అయితే, ఆడి ఆర్‌ఎస్4 4.2 వంటివి, ఇన్‌టేక్ వాల్వుల మీద మసి గట్టిగా పేరుకుంటుంది. పెట్రోలు ఆ వాల్వులను కడగదు కాబట్టి అక్రోటు పెంకుల పొడిని చిమ్మి శుభ్రం చేయించాలి.

ఇంజన్ నుంచి తీసిన పాత ఆయిల్‌ను పారబోయకముందు ఒక చిన్న సీసాలో నమూనా తీసి ల్యాబుకు పంపితే, అందులో సీసం, రాగి, ఇనుము ఎంతెంత ఉన్నాయో వివరాలు వస్తాయి. సీసం, రాగి బేరింగుల నుంచి వస్తాయి, ఇనుము సిలిండర్ గోడల నుంచీ క్యామ్‌ల నుంచీ వస్తుంది. అయితే మొదటి నమూనాను ఒంటరిగా చూసి కంగారుపడకూడదు, ఆ ఆయిల్ ఎన్నాళ్లు ఇంజన్‌లో ఉందో మనకు తెలియదు. కొత్త ఆయిల్‌తో 5,000 కిలోమీటర్లు నడిపి రెండో నమూనా పంపాలి, తర్వాత అంతే దూరానికి మూడోది. రెండో దానికీ మూడో దానికీ మధ్య సీసం పెరుగుతూ ఉంటే, పక్కన పెట్టిన ఆ మూడో వంతులోంచి బేరింగుల పని ఆ ఏడాదే చేయించాలి. పెరగకపోతే, వచ్చే ఏడు ఎలాగూ టైర్ల ఖర్చు ఉంటుంది.